సంఘం బండి వెనక యాక్సిల్ సంగతి



పోయిన మీటింగులో బండి ఖర్చు గురించి చాలామంది అడిగినారు. యాక్సిల్ మార్చినందుకు ఒక బిల్లు, సీళ్ళకు ఒక బిల్లు, మళ్ళీ బ్రేకుకు ఇంకొక బిల్లు, ఒక్క బండికి మూడు నెలల్లో 26,500 రూపాయలు ఎట్లా అయింది అని. అడగాల్సిందే, చందా మీది. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. చెప్పాలంటే మా తప్పులు కూడా చెప్పాల. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తా ఉన్నాము. మేము అంటే కమిటీలో బండి చూసుకునే ముగ్గురం: అధ్యక్షులు పెద్దాయన, ఖజాంచీ అన్న, లాగ్ బుక్ రాసే రైల్వే గుమాస్తా. ఏ తప్పు ఎవరిదో విడదీసి చెప్పము. ముగ్గురం కలిసే చేసినాము.

బండి మీకందరికీ తెలిసిందే. పాత డీజిల్ వ్యాను. పెళ్ళిళ్ళకు అండాలు గిన్నెలు మోసేది అదే, ఉగాదికి కులదేవత గుడికి పెద్దోళ్ళను తీసుకుపోయేది అదే, మన ఇళ్ళల్లో ఎవరైనా పోతే చివరి దారికి కూడా అదే. మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు తురైయూరు దారిలో సామాన్లు నిండుగా వేసుకుని వస్తా ఉంటే వెనక నుంచి టక్ టక్ అని మొదలై, కటక్ మని ఆగిపోయింది. విప్పి చూస్తే క్రౌన్ వీలులో నాలుగు పళ్ళు విరిగినాయి. విరిగిన ముక్కలు పినియన్‌ను కూడా నమిలేసినాయి.

పొన్మలైలో షెడ్డు పెట్టుకున్న మన మెకానిక్ తమ్ముడు వచ్చి చూసినాడు. "మామా, ఈ మోడలుకు కొత్త క్రౌన్ పినియన్ సెట్టు దొరికేది కష్టం. కాయలాన్ కడైలో ఫుల్ హౌసింగు దొరికితే అదే ఎక్కించేద్దాము. కానీ తెచ్చింది తెచ్చినట్టు ఎక్కించేది వద్దు. ఒకసారి విప్పి బేరింగులు చూస్తాను, మూడు సీళ్ళూ కొత్తవి వేస్తాను, బ్రీదరు కడుగుతాను. మూడు దినాలు ఇయ్యండి" అన్నాడు. ఆ మాట అట్లే మా చెవిలో ఉంది. అప్పుడు మాత్రం పట్టించుకోలేదు.

హౌసింగు దొరికేసరికి ఉగాదికి నాలుగు దినాలే ఉంది. గుడికి ముప్పై మంది పేర్లు ఇచ్చినారు. "విప్పేది ఉగాది అయినాక చూస్తాము, ఇప్పుడు ఎక్కించేయి నాయనా" అన్నాము. అతను తల గోక్కుని, "సరే మామా, మీ ఇష్టం" అన్నాడు. ఇంకొక పని కూడా చేసినాము. హౌసింగు తుప్పు పట్టి చూసేదానికి బాగలేదు. సంఘం బండి కదా, కింద కూడా శుభ్రంగా ఉండాలని మేమే నల్ల పెయింటు డబ్బా తెచ్చి, షెడ్డులో అతను టిఫినుకు పోయిన సమయంలో కుంచెతో రెండు సార్లు పూసేసినాము. చాలా బాగుందని ఒకరినొకరు మెచ్చుకున్నాము కూడా. ఈ పెయింటు సంగతి గుర్తు పెట్టుకోండి.

ఉగాది రోజు బండి కదిలింది. ఊరు దాటేవరకు ఏమీ లేదు. తార్రోడ్డు ఎక్కి వేగం పట్టినాక యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు, వెనక నుంచి ఊఁ అని మూలుగు. కాలు నొక్కితే ఆగుతుంది. పిల్లోళ్ళు "తాతా, బండి పాడతా ఉంది" అని నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు పొద్దున చూస్తే బండి కింద నేల మీద మూడు చోట్ల నల్ల మరకలు. నడిమి మరక అరచెయ్యంత ఉంది.

అప్పుడు మేము చేసింది మెకానిక్ తమ్ముడిని పిలిచి అందరి ముందర అరవడం. "నీకు పని రాకుంటే రాదని చెప్పు" అన్నాము. అతను మూడు దినాలు అడిగిన సంగతి ఒక్కసారి ఎత్తినాడు. మేము మాట పూర్తి చెయ్యనియ్యలేదు. మన అవ్వలు "ఆడలేక మద్దెల ఓడు" అనేవాళ్ళు. మేము చదివింది తమిళ బడి, అక్కడ "ఆడత్ తెరియాదవళ్ కూడం కోణల్" అని నేర్పించినారు. రెండు భాషల్లో తెలిసిన సామెతను రెండు భాషల్లోనూ అతని మీదనే వేసినాము. సంఘం పని ఇంక నీకు లేదు అని చెప్పి పంపించినాము.

తరువాత బైపాసు పక్కన ఉండే పెద్ద షెడ్డుకు తీసుకుపోయినాము. ఆ షెడ్డు పేరు అవసరం లేదు. అక్కడ జాయింట్ షాఫ్టు దింపి, పినియన్ సీలు మార్చినారు. పదకొండు రోజులకు మళ్ళీ కారింది. మళ్ళీ మార్చినారు. ఈసారి 90 ఆయిలు తీసేసి చిక్కగా ఉంటుందని 140 పోసినారు. చిక్కటి ఆయిలుతో రెండు వారాలు మరక కొంచెం చిన్నదైంది, అంతే. మూలుగు తగ్గలేదు. దాని మీద కొత్తగా గుమ్ గుమ్ అని ఒక అదురు కూడా చేరింది. 3,800 రూపాయలు అయిపోయింది.

ఇంతలో లాగ్ బుక్కులో ఒక తేడా కనబడింది. సమయపురం అమ్మవారి గుడికి పోయి వస్తే ఎప్పుడూ 36 కిలోమీటర్లు. ఎన్నో ఏళ్ళుగా అదే అంకె. ఇప్పుడు 43 అని రాసి ఉంది. ఇంకో ట్రిప్పు చూసినాము, అదీ ఎక్కువే. డీజిలు కూడా మునుపటికన్నా ఎక్కువ తాగుతా ఉంది. లెక్కలు రాసి రిటైరైన కన్ను కదా, వెంటనే అనుమానం వచ్చింది. డ్రైవర్ అబ్బాయి సొంత పనికి బండి తిప్పుతున్నాడని తేల్చేసినాము. పిలిచి అడిగినాము. "మామా, మీటరు చూపించింది చూపించినట్టు రాసినాను. నేను ఎక్కడికీ పోలేదు" అన్నాడు. మేము నమ్మలేదు. పదహైదు ఏళ్ళుగా మన బండి నడిపినవాడు. ఆ ఎక్కువ కిలోమీటర్లకు డీజిలు లెక్క కట్టి బత్తాలో 1,240 రూపాయలు పట్టుకున్నాము. అతను తాళం చెవి మేజా మీద పెట్టి వెళ్ళిపోయినాడు. దొంగ కాకుంటే ఎందుకు పోతాడు అని కూడా మాలో ఒకరు అన్నాము.

అందుకని తరువాత వారం మన సంఘంలో ఒక పెద్దమ్మ పోయినప్పుడు బండి నడిపింది ఆక్టింగ్ డ్రైవరు. శ్మశానం మలుపు దగ్గర బ్రేకు నొక్కితే బండి ఒక పక్కకు లాగి, ఆగకుండా ముందుకు పోయింది. ముందర నడుస్తా ఉన్నవాళ్ళు పక్కకు దూకినారు. ఆ డ్రైవరు గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు గుంజి, ఇసుక కుప్పకు ఆనించి నిలిపినాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ ఆ తల్లి శవం పెట్టె ముందుకు జారి సీటుకు కొట్టుకుంది. కొడుకు మా మొహం చూసిన చూపు ఇప్పటికీ మాకు నిద్ర పట్టనియ్యదు. ఆ ఇంటివాళ్ళు ఇది చదువుతారు. మీకు ఎదురుగా వచ్చి చెప్పినాము, ఇక్కడ కూడా చెబుతున్నాము, మమ్మల్ని మన్నించండి.

ఆ రాత్రి ముగ్గురం హాలు మెట్ల మీద కూర్చున్నాము. ఇంక ఎవరినీ తిట్టకుండా, ఒక్కొక్కటిగా మేమే చూద్దాము అనుకున్నాము. మేము సుత్తి పట్టినవాళ్ళం కాదు. కానీ రైల్వేలో ఇన్నేళ్ళు ఉంటే హాట్ యాక్సిల్ అనే మాట వినకుండా ఎవరూ రిటైరు కారు. బేరింగు చెడితే పెట్టె కింద యాక్సిల్ బాక్సు కాలిపోతుంది. అందుకే బండి వచ్చి ఆగితే సి అండ్ డబ్ల్యూ మనిషి బాక్సుల వేడి చూసుకుంటా నడుస్తాడు. మేము కూడా బండిని జాగ్రత్తగా నిదానంగా ఖాళీ దారిలో తిప్పి, నాలుగైదు సార్లు బ్రేకు వేసి ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టినాము. అంటించకూడదు, కాలుతుంది, దగ్గర పెడితే చాలు. కాలిపోయే చక్రం కోసం వెదికినాము. మూడు వేడిగా ఉన్నాయి. వెనక కుడి చక్రం మాత్రం చల్లగా ఉంది.

రైల్వేలో వేడి ఉంటే తప్పు. ఇక్కడ చల్లగా ఉండడమే తప్పు అని తెలుసుకునేదానికి మాకు పావు గంట పట్టింది. ఆ చక్రం బ్రేకు పని చెయ్యడం లేదు. డ్రమ్ము ఊడదీయిస్తే లోపల బ్రేకు షూలు నల్లగా నానిపోయి ఉన్నాయి. బ్రేకు ఆయిలేమో అనుకున్నాము, కానీ వాసన చూస్తే గంధకం కంపు. అది గేరు ఆయిలు వాసన, బ్రేకు ఆయిలుకు ఆ కంపు ఉండదు. అంటే యాక్సిల్ చివర సీలు దాటి ఆయిలు డ్రమ్ములోకి వచ్చింది. నేల మీద మరక చూసి ఆయిలు ఖర్చు అని బాధపడినాము గానీ, కంటికి కనబడకుండా డ్రమ్ములోకి కారేదే ప్రాణం తీసేది. కింద కారినది కొంచెమే కదా అని ఎవరూ అనుకోవద్దు.

ఇప్పుడు ప్రశ్న. కొత్తగా మార్చిన పినియన్ సీలు కారుతుంది, కుడి సీలు కారుతుంది, ఎడమ పక్క కూడా తడి. మూడు సీళ్ళూ ఒకేసారి ఎట్లా చెడతాయి? ఆఫీసులో మూడు రిజిస్టర్లలో ఒకే మొత్తం తప్పు వస్తే మూడింటిలో వెదకము, మూడింటికీ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ చూస్తాము. బండిని మళ్ళీ కొంచెం తిప్పి, ఆపి, హౌసింగు వెనక ఆయిలు పోసే బోల్టును గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా లూజు చేసినాము. ఉస్సుమని గాలి బయటికి కొట్టింది.

లోపల గాలి అంత బిగించి ఎందుకు ఉంది? తిరిగే గేర్లు వేడెక్కితే లోపలి గాలి పెరుగుతుంది. అది పోయేదానికి హౌసింగు పైన చిన్న మూతలాగా ఒక బ్రీదరు ఉంటుంది. అది మూసుకుంటే గాలికి దారి లేక, ఆయిలును సీళ్ళ పెదవుల గుండా బయటికి తోస్తుంది. కొత్త సీలు వేసినా, పది సీళ్ళు వేసినా అంతే. టార్చి వేసి పైన చూసినాము. బ్రీదరు ఉంది. నల్లగా, నున్నగా, రెండు కోట్ల పెయింటు కింద.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఖజాంచీ అన్న మాత్రం "పెయింటుకు బిల్లు 180 రూపాయలు" అన్నాడు.

గుండుసూదితో కాదు, పూర్తిగా విప్పి డీజిల్లో కడిగి పెట్టినాము. లోపల ఆయిలు కూడా కొలతకు మించి ఉంది. మన బండికి పోసే రంధ్రం వెనక మూతలో ఉంటుంది. బండి వెనక భాగం జాకీ మీద లేపి పోస్తే ఆయిలు ముందు పక్కకు జరిగిపోయి, రంధ్రం దాకా రావడానికి ఎక్కువ పడుతుంది. బండి సమంగా నేల మీద ఉన్నప్పుడు రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. ఎక్కువైనది దింపినాము, 140 తీసేసి మళ్ళీ 90 పోయించినాము.

ఇక శబ్దం. ఆదివారం పొద్దున 5 గంటలకు, దారి ఖాళీగా ఉన్నప్పుడు పోయినాము. దానికి ముందే నానిన షూలు తీయించి కొత్తవి వేయించినాము, సీలు కూడా. ఖజాంచీ అన్న నడిపినాడు, ఒకరం వెనక సీటు కింద నేల మీద కూర్చున్నాము, ఒకరం కాగితం మీద గీతలు గీసి రాసినాము. ప్రతి వేగం దగ్గరా మూడు విధాలుగా: కాలు నొక్కి, కాలు తీసి, ఎదర ఎవరూ లేనప్పుడు కొంచెం దూరం న్యూట్రల్లో. ఊరికే "శబ్దం వస్తుంది" అని చెబితే ఏ డాక్టరుకూ ఏమీ తెలియదు. రాసి చూస్తే అది ఒక శబ్దం కాదు, మూడు.

మొదటిది, మూలుగు. కాలు తీస్తేనే వస్తుంది, నొక్కితే పోతుంది. చక్రం బేరింగు అయితే కాలు నొక్కినా తీసినా అరుస్తుంది, మలుపు తిరిగితే మారుతుంది. ఇది అట్లా కాదు. గేరు పళ్ళ మీద బరువు అటు నుంచి ఇటు మారినప్పుడు వచ్చేది, అంటే క్రౌన్, పినియన్ కూర్చున్న తీరులోనే తప్పు. రెండోది, గుమ్ గుమ్ అదురు. మీటరు 35 నుంచి 45 దాకా, కాలుతో పని లేదు, న్యూట్రల్లో కూడా ఉంది. టైర్లేమో అని తారు మీద, సిమెంటు రోడ్డు మీద రెండింటిలోనూ చూసినాము, మారలేదు. మూడోది, ఇంజనే. బండి ఇదే వేగంతో పోతే మునుపు ఇంత గొంతు చించుకునేది కాదు. న్యూట్రల్ చేస్తే పోతుంది.

రెండోది సులభంగా దొరికింది. జాయింట్ షాఫ్టు మధ్యలో జారే కీలు ఉంటుంది, రెండు భాగాల మీదా బాణం గుర్తులు ఉంటాయి. అవి ఎదురెదురుగా ఉండాల. సీలు మార్చేదానికి దింపినప్పుడు పన్ను తప్పించి ఎక్కించినారు. రెండు చివరల జాయింట్లు ఒకే వరసలో లేకుంటే షాఫ్టు ప్రతి చుట్టుకూ కుదుపుతుంది. సరిచేసినాక ఆ అదురు పోయింది.

మూడోది మమ్మల్ని తలదించుకునేట్టు చేసింది. ఇంజను ఎక్కువ తిరుగుతా ఉంటే, యాక్సిల్ నిష్పత్తే వేరేమో అని అనుమానం వచ్చింది. బండి గేరు న్యూట్రల్లో పెట్టి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రం లేపి, షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టి తిప్పినాము. చక్రం ఒక చుట్టుకు షాఫ్టు దాదాపు రెండున్నర చుట్లే తిరిగింది. ఇదేమి లెక్క అని గందరగోళపడినాము. ఒక చక్రం నేల మీద నిలిచి ఉంటే, రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. డిఫరెన్షియల్ అంటేనే అది. కాబట్టి రెండు చుట్లు తిప్పి లెక్కపెట్టాల. మళ్ళీ తిప్పినాము: 5కు కొంచెం తక్కువ. తరువాత విప్పినప్పుడు పళ్ళు లెక్కపెడితే క్రౌన్ 39, పినియన్ 8. అంటే 4.875. పాత హౌసింగు ఇంకా హాలు వెనకే పడి ఉంది, దానిలో విరిగినవాటితో కలిపి 37, పినియన్ 9. అంటే 4.11.

మన బండిలో మీటరు కేబులు గేరు బాక్సు నుంచి వస్తుంది. యాక్సిల్ మారినా అది పాత లెక్కనే చూపిస్తుంది. టైర్లు అవే. కాబట్టి షాఫ్టు ఎక్కువ తిరిగితే మీటరు ఎక్కువ దూరం చూపిస్తుంది. ఎంత ఎక్కువ? 4.875ను 4.11తో భాగిస్తే 1.186. సమయపురం 36ను దానితో గుణిస్తే 42.7.

డ్రైవర్ అబ్బాయి రాసింది 43.

కాగితం మీద ఆ అంకె చూసినాక ముగ్గురం టీ కూడా తాగకుండా మొదట అతని ఇంటికే పోయినాము. అతను ఇంట్లో లేడు. భార్య నీళ్ళు ఇచ్చింది, కూర్చోమనలేదు. సాయంకాలం వచ్చినాడని తెలిసి మళ్ళీ పోయినాము. లెక్క అంతా చెప్పి, 1,240 రూపాయలు చేతిలో పెట్టి, మన్నించు నాయనా అన్నాము. అతను కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివినాడు. "మామా, ఈ కాగితం నాకు కావాల. మా ఇంట్లో చూపించాల" అన్నాడు. ఇంట్లో కూడా అతన్ని అడిగి ఉంటారని అప్పటిదాకా మాకు తట్టలేదు.

మెకానిక్ తమ్ముడి షెడ్డుకు మరుసటి రోజు పోయినాము. పెయింటు సంగతి చెబితే నవ్వుతాడు అనుకున్నాము, నవ్వలేదు. "ఎక్కించినప్పుడు బ్రీదరు నేను కూడా చూసి ఉండాల మామా, అది నా తప్పు" అన్నాడు. ఆ మాట మాకు తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది. మొదట అడిగిన మూడు దినాలే మళ్ళీ అడిగినాడు. ఈసారి ఇచ్చినాము. పినియన్ బేరింగు అరిగి ఆడుతా ఉంది. కొత్తవి వేసి, షిమ్ములు మార్చి మార్చి, పళ్ళకు సింధూరం పూసి తిప్పి, అచ్చు పన్ను నడిమిలో పడేదాకా చూసినాడు. పన్ను మీద ఆ ఎర్ర మరక ఎక్కడ చెరిగిందో చూస్తే రెండు గేర్లు ఎక్కడ తాకుతున్నాయో తెలుస్తుందంట. ఒక పూటంతా పక్కన స్టూలు వేసుకుని చూసినాము.

బిల్లులు ఇవి: హౌసింగు, ఎక్కించిన కూలి 16,500. బైపాసు షెడ్డులో 3,800. చివర షూలు, సీళ్ళు, బేరింగులు, కూలి 6,200. నడిమి 3,800 సంఘం మోయాల్సింది కాదు. ముగ్గురం పంచుకుని ఖాతాలో కట్టేసినాము, రసీదు ఫైలులో ఉంది. పెయింటు 180 ఎప్పుడో ఖజాంచీ అన్న జేబులో నుంచే పోయింది.

ఇప్పుడు నేల మీద మరక లేదు. మీటరు 50 దగ్గర కాలు తీస్తే సన్నగా మూలుగు ఇంకా ఉంటుంది, వాడిన గేర్లు కాబట్టి పూర్తిగా పోదని మెకానిక్ తమ్ముడు ముందే చెప్పినాడు. బండిలో పోయేవాళ్ళు భయపడొద్దు. బ్రేకు ఒక పక్కకు లాగినా, చక్రం దగ్గర గంధకం కంపు వచ్చినా మాత్రం వెంటనే ఆపి ఫోను చెయ్యండి. డ్రైవర్ అబ్బాయి ఇంకా రాలేదు. ఆడి నెల అయినాక చూస్తాను అన్నాడు. తాళం చెవి అతను పెట్టిన చోటే ఉంది.

ఆడిట్‌కు కూర్చునేవాళ్ళకు ఒక మాట. ఉగాది ముందు రోజు నుంచి లాగ్ బుక్కులో ఉండే కిలోమీటర్లను 0.84తో గుణించి చూడండి. ఆ పేజీ పైన ఎర్ర ఇంకుతో రాసి, ముగ్గురం సంతకాలు పెట్టినాము.